‘వేడి చేసిందిలే’ అన్న మాట వెనుక

గంపలగూడెం మండలంలో ఒక ఊళ్ళో, మిరపకోతలు అయిపోయిన రోజుల్లో, కూలిరేట్ల గురించి మీటింగు పెట్టుకున్నాం. ఒకే చేలో ఒకే పనికి మగవాళ్ళకో కూలి, ఆడవాళ్ళకో కూలి ఎందుకని గట్టిగానే మాట్లాడుకున్నాం. అందరూ లేచి వెళ్ళాక ఒకామె మాత్రం చాప మడతపెడుతూ ఉండిపోయింది. యాభై దాటిన మనిషి. ఆ రోజు మీటింగులో అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. అలాంటి మనిషి నా దగ్గరకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, “అమ్మాయ్, బయటికెళ్ళినప్పుడు నెత్తురు పడతంది. ఎవరికీ చెప్పమాక” అంది.

“ఎన్నాళ్ళనించి అక్కా?”

“సంక్రాంతికి ముందునించి.”

అప్పుడు నేనేమన్నానో ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. “వేడి చేసిందేమో అక్కా. అంతెండలో మిరపకాయలు కోశావు. మజ్జిగ తాగు, నీళ్ళు ఎక్కువ తాగు. మొలలేమో ఎవరికన్నా చూపించుకో” అన్నాను. బస్సుకి టైమయిందని వచ్చేశాను.

మళ్ళీ ఆమెను చూసేసరికి వినాయకచవితి కూడా వెళ్ళిపోయింది. సగం మనిషయింది. ఈలోపు ఆమె చెయ్యనిది లేదు. పసరు మందు తాగింది. ‘ఆపరేషన్ లేకుండా మొలలు మాయం’ అని గోడ మీద రాసినచోటికి వెళ్ళి ఇంజెక్షన్లు చేయించుకుంది. రెండుచోట్ల డాక్టర్లకు చూపించుకుంది. అందరూ మందులు రాశారు. ఒక్కరు కూడా మలద్వారాన్ని పరీక్ష చెయ్యలేదు. ఆమె చెయ్యమని అడగనూ లేదు. చివరికి కూతురు బలవంతంగా విజయవాడ తీసుకువెళితే, అక్కడ ఒక లేడీడాక్టరు చేతికి తొడుగు వేసుకుని వేలితో పరీక్ష చేసింది. రెండు నిమిషాల పని. వేలికి గడ్డ తగిలింది. పురీషనాళంలో కాన్సర్.

కరెంటు పెట్టారు, ఆపరేషన్ చేశారు. ఆమె బతికింది. పొట్ట మీద సంచి పెట్టుకుని బతుకుతోంది. “ఇంకాస్త ముందొస్తే ఈ సంచి అవసరం ఉండేది కాదేమో” అని డాక్టరు అన్నదట. ఆ ‘ఇంకాస్త ముందు’లో నా మజ్జిగ సలహా కూడా ఉంది.

అందరి మలం గురించీ తెలుసు, మనది తప్ప

ఆలోచిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మలం గురించి స్త్రీలకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పసిబిడ్డ పచ్చగా వెళ్ళాడా, నురగగా వెళ్ళాడా, ఎన్నిసార్లు వెళ్ళాడు అన్నది తల్లి వేళ్ళ మీద లెక్క చెపుతుంది. మంచాన పడ్డ అత్తగారికి, మామగారికి శుభ్రం చేసేది కోడలే. లేగదూడ పారుతోంటే ముందుగా గమనించేది పాలు పితికే మనిషే. ఇంటిల్లిపాది కడుపుల సంగతీ ఆమెకు ఎరుకే. ఆమె కడుపు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూసుకోదు. చూసుకోవడం అసహ్యమని, చెప్పుకోవడం సిగ్గుచేటని చిన్నప్పటినించీ నేర్పారు.

ఈ అసహ్యం వెనుక కులం కూడా ఉంది. మన దేశంలో మలాన్ని ముట్టుకునే పనిని కొన్ని కులాల స్త్రీల నెత్తిన పెట్టి, ఆ తర్వాత వాళ్ళనే అంటరానివాళ్ళన్నాం. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం రావలసి వచ్చింది. కోలారు గనుల్లో పాకీపని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని రద్దు కోసం పోరాడవలసి వచ్చింది. మలాన్ని తలుచుకోవడమే మైల అనుకునే సమాజంలో, తన మలంలో వచ్చిన మార్పు గురించి ఒక ఆడమనిషి డాక్టరు ముందు నోరు విప్పుతుందని ఎలా అనుకుంటాం?

మనం గర్భసంచి గురించి మాట్లాడటం నేర్చుకున్నాం. ముట్టు గురించి, తెల్లబట్ట గురించి, రొమ్ములో గడ్డ గురించి మాట్లాడటం నేర్చుకున్నాం. అదంతా ఉద్యమం సాధించినదే. కానీ స్త్రీ శరీరం అంటే పిల్లల్ని కనే అవయవాలు మాత్రమే అన్నట్టుగా మన ఆరోగ్య తరగతులు కూడా నడిచాయేమోనని నా అనుమానం. స్త్రీకి పేగులు కూడా ఉంటాయి.

ఏది మామూలు? ఏది మార్పు?

ముందు ఒక భయం పోగొట్టుకోవాలి. రోజుకొకసారి తప్పనిసరిగా వెళ్ళాలన్న నియమం ఏమీ లేదు. రోజుకు మూడుసార్లు వెళ్ళేవాళ్ళూ, వారానికి మూడుసార్లే వెళ్ళేవాళ్ళూ ఆరోగ్యంగానే ఉండవచ్చు. ఇంగ్లండులోని బ్రిస్టల్ లో డాక్టర్లు మలాన్ని దాని రూపాన్నిబట్టి ఏడు రకాలుగా విభజించి 1997లో ఒక పట్టిక ప్రచురించారు. మేక పెంటికల్లా గట్టిగా విడివిడిగా రావడం మొదటి రకం, పూర్తిగా నీళ్ళలా పోవడం ఏడో రకం. మధ్యలో ఉన్న మెత్తని, సాఫీ రకాలు మంచివి. ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఆ పట్టికే వాడతారు. బొమ్మలతో ఉంటుంది కాబట్టి చదువురానివాళ్ళు కూడా వేలుపెట్టి చూపించవచ్చు. మన సంఘాల మీటింగుల్లో గోడకు తగిలించుకోదగ్గ బొమ్మ అది.

కాబట్టి చూడవలసింది ‘ఎన్నిసార్లు’ అన్న లెక్క కాదు. ‘నా మామూలు ఏమిటి, అది మారిందా’ అన్నది చూసుకోవాలి. పెళ్ళిభోజనం చేసి రెండు రోజులు కడుపు పాడయితే అది మార్పు కాదు. ముట్టు వచ్చిన రోజుల్లో ఒకటి రెండుసార్లు ఎక్కువ వెళ్ళడం చాలామందికి మామూలే. గర్భంతో ఉన్నప్పుడు మలబద్ధకం రావడమూ మామూలే. ఐరన్ మాత్రలు మింగితే మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి మాత్రలు మానెయ్యకూడదు.

కానీ మూడు నాలుగు వారాలు దాటినా మార్పు పోలేదంటే చూపించుకోవాలి. మామూలుగా వెళ్ళే మనిషికి కొత్తగా బిగదీసుకుపోవడం, లేదా విరేచనాలు పట్టుకోవడం, లేదా ఒకటి తర్వాత ఒకటి మారిమారి రావడం. వెళ్ళివచ్చినా ఇంకా మిగిలినట్టే ఉండి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపించడం. మలం పెన్సిలులా సన్నబడటం. నిద్రలోంచి లేపేసే విరేచనాలు. ఏ ప్రయత్నమూ చెయ్యకుండా బరువు తగ్గడం. వీటికి తోడు నెత్తురు పడితే మూడు వారాలు కూడా ఆగకూడదు. ఐరన్ మాత్రలు వాడకుండానే మలం తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే అది పొట్టలో పైభాగాన రక్తం కారుతోందనడానికి గుర్తు కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

వీటన్నిటికీ కాన్సరే కారణమని నేననడం లేదు. చాలాసార్లు కాదు. ఎర్రని నెత్తురు ఎక్కువమందిలో మొలలవల్లో, మలద్వారం దగ్గర చీలికవల్లో వస్తుంది. థైరాయిడ్ తగ్గితే మలబద్ధకం వస్తుంది. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కొందరికి విరేచనాలు తెస్తుంది. పేగుల్లో క్షయ వస్తే జ్వరం, కడుపునొప్పి, బరువు తగ్గడం, విరేచనాలు ఉండవచ్చు. మన దేశంలో అది అరుదేం కాదు, మందులతో నయమవుతుంది. కాన్పులో కింద బాగా చినిగి సరిగా కుట్టు పడని స్త్రీలు మలాన్ని ఆపుకోలేక ఏళ్ళ తరబడి బాధపడుతూ, పెళ్ళిళ్ళకీ బస్సు ప్రయాణాలకీ దూరంగా ఉండిపోతారు. దానికీ వైద్యం ఉంది. అండాశయంలో కాన్సర్ కూడా చాలాసార్లు కడుపుబ్బరంగా, కొంచెం తినగానే కడుపు నిండినట్టుగా, మలబద్ధకంగా మొదలవుతుంది. ‘గ్యాస్ ట్రబుల్’ అని మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తారు.

మొలలు ఉన్నవాళ్ళకు కాన్సర్ రాకూడదన్న నియమమూ లేదు. మొలలా, మరొకటా అన్నది పరీక్ష చేసి తేల్చవలసిన విషయం. మనసులో అనుకుంటే తేలేది కాదు. పెద్దపేగు కాన్సర్ చాలావరకు పేగు లోపలి గోడమీద చిన్న పిలకలా మొదలై, కాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా తీసుకుంటుంది. అంటే పట్టుకోవడానికి సమయం ఇచ్చే జబ్బు ఇది. ఆ సమయాన్నంతా సిగ్గు తినేస్తోంది.

కడుపునొప్పి అంటే గర్భసంచేనా?

మా ప్రాంతంలో పొత్తికడుపులో నొప్పి అని ఒక ఆడమనిషి నోరు తెరిస్తే ముందుగా అనుమానించేది గర్భసంచినే. స్కానింగ్‌లో ‘పుండుంది’, ‘వాపుంది’ అంటారు. ‘ఉంచితే కాన్సరవుతుంది’ అంటారు. తీసేస్తారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నించి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దేశంలోకెల్లా మనమే ముందు. ఆ తర్వాతి స్థానం తెలంగాణది.

ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి తగ్గలేదని చెప్పిన స్త్రీలు నాకు ఒకరిద్దరు కాదు తగిలింది. వాళ్ళను కూర్చోబెట్టి నిదానంగా అడిగితే ఏళ్ళ తరబడి మలబద్ధకమో, మారిమారి విరేచనాలో ఉన్నాయని తేలేది. నొప్పి పేగుదై ఉండవచ్చు. తీసింది గర్భసంచిని. ‘దొడ్డికి సరిగా వెళుతున్నావా అమ్మా’ అన్న ఒక్క ప్రశ్న ఆపరేషన్‌కి ముందు ఎవరూ అడగలేదు. అన్ని ఆపరేషన్లూ అనవసరమని నేననను. నిజంగా అవసరమైనవాళ్ళూ ఉన్నారు. కానీ పేదస్త్రీ పొత్తికడుపులో ఒకే ఒక్క అవయవం ఉన్నట్టు చూసే చూపు శాస్త్రీయం కాదు. అనవసరంగా గర్భసంచులు తీసెయ్యడం మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెపుతూ, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చెయ్యాలని ఆదేశించింది. ఆ తీర్పు మన చేతిలో ఉంది. వాడుకోవలసింది మనమే.

రక్తం ఎటు పోతోంది?

మరొక విషయం. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. సగానికి పైగా రక్తం తక్కువవాళ్ళే కావడంతో, రక్తం తక్కువగా ఉండటం ఆడవాళ్ళకు సహజమన్నట్టు తయారయింది. తిండి లేక, ముట్టులో ఎక్కువ పోయి, కాన్పుల మీద కాన్పులయి రక్తం తగ్గుతుంది, నిజమే. కానీ ముట్లుడిగిన మనిషికి ఇనుము లోపంతో రక్తం ఎందుకు తగ్గుతుంది? ఆమెకు ముట్టూ లేదు, కాన్పూ లేదు. అలాంటప్పుడు కడుపులో ఎక్కడైనా కొంచెం కొంచెంగా, కంటికి కనిపించకుండా కారుతోందేమో చూడాలి. పెద్దపేగు కుడివైపున గడ్డ ఉంటే చాలాసార్లు మొదట బయటపడే గుర్తు ఈ నీరసమే. కానీ మనం ఏం చేస్తున్నాం? ముఖం పాలిపోయింది చూసి ఐరన్ మాత్రల చీటీ చేతిలో పెట్టి పంపేస్తున్నాం.

ఐరన్ మాత్ర అన్నాను కాబట్టి దానిలోనే ఉన్న ఇంకొక మందు కథ చెప్పాలి. గర్భిణీస్త్రీలకు ఇచ్చే ఆ మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. మనవాళ్ళు సంగ్రహణి అనేది ఇలాంటి జబ్బునే. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు నెలల తరబడి ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో తన బృందంతో 1945లో ఫోలిక్ యాసిడ్ తయారీని సాధించాడు. ఆ జబ్బుకు అది మందయింది. అంతకుముందే 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు స్త్రీ డాక్టరు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ కార్మికుల రక్తహీనత మీద పరిశోధన చేసి, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపించింది. అందులో ఉన్న పదార్థం ఫోలిక్ యాసిడేనని తర్వాత తేలింది. ఒక కుటుంబంలో ఆగని విరేచనాలను, పేద గర్భిణీల పాలిపోయిన ముఖాలను ‘ఖర్మ’ అని వదిలెయ్యకుండా ‘ఎందుకు’ అని అడిగినవాళ్ళుండబట్టే ఈ రోజు ఆ మాత్ర మన ఆశా కార్యకర్త సంచిలో ఉంది.

ఆపుకునే బతుకులు

మా మండలంలో మిరప, పత్తి చేలల్లో పొద్దుటినించి సాయంత్రం దాకా వంగి పనిచేసే స్త్రీలను అడగండి, పొద్దున్నించి ఎన్ని నీళ్ళు తాగారని. తాగరు. తాగితే వెళ్ళాలి. వెళ్ళడానికి చాటు లేదు. మగవాళ్ళు గట్టు పక్కకి తిరిగితే సరిపోతుంది. స్త్రీ చీకటి పడేదాకా ఆపుకోవాలి. వచ్చినప్పుడల్లా ఆపుకుంటూ పోతే కొన్నాళ్ళకు పేగు పిలవడమే మానేస్తుంది. మలం లోపల ఎండి గట్టిపడుతుంది. ముక్కి ముక్కి మొలలు వస్తాయి, చీలికలు వస్తాయి, కాన్పులయిన స్త్రీలకు గర్భసంచి కిందికి జారుతుంది. దీన్ని ఆమె ‘అలవాటు’ అందామా, లేక ఆమె పని పరిస్థితి అందామా?

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయింది. సరిగ్గా అయిదేళ్ళకు గ్రామీణ భారతం బహిరంగ మలవిసర్జన నించి విముక్తమయిందని ప్రకటించారు. చాలా ఇళ్ళల్లో దొడ్లు కట్టిన మాట నిజం, అది చిన్న విషయం కాదు. కానీ 2019-21 సర్వేలోనే దేశంలో నూటికి 19 కుటుంబాలకు ఏ దొడ్డీ లేదని తేలింది. పైగా దొడ్డి ఇంట్లో ఉంది, స్త్రీ చేలో ఉంది. 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోట మంచినీళ్ళు, పిల్లలకు నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని రాశారు. మరుగుదొడ్డి మాట రాయలేదు. రాసినవాళ్ళకు గుర్తు రాలేదు.

వంగి వంగి నడుం నొప్పి, ఒళ్ళు నొప్పులు. వాటికి కిరాణా కొట్లోనో, ఆర్.ఎం.పి. దగ్గరో నొప్పిమాత్రలు. పని ఉన్నన్నాళ్ళూ రోజూ మింగే స్త్రీలున్నారు. మా నియోజకవర్గంలోనే ఉన్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఈ మాత్రల మాట వస్తూనే ఉంటుంది. కిడ్నీలకే కాదు, ఇవి జీర్ణాశయంలో పుండ్లు చేసి రక్తం కారేటట్టు కూడా చేస్తాయి. నల్లటి విరేచనాలకు ఇదొక ముఖ్యమైన కారణం.

ఇంకొక మాట. ఒక మనిషికి విరేచనాలయితే ఆమె తిన్నదేమిటని అడగవచ్చు. వీధి మొత్తానికి అయితే నీళ్ళ పైపు సంగతి అడగాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చి ప్రాణాలు పోయినప్పుడు ఊళ్ళో తాగునీటి మీదే వేళ్ళు చూపాయి. కడుపులో వచ్చే మార్పు ఒక్కోసారి పంచాయతీ పనితీరు మీద రిపోర్టు కూడా.

మూడు కాన్సర్లేనా?

ప్రభుత్వం ముప్ఫై ఏళ్ళు దాటిన స్త్రీలకు నోటి కాన్సర్, రొమ్ము కాన్సర్, గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్షలు చేయిస్తోంది. ఈ మూడూ మన స్త్రీలలో ఎక్కువ, కాబట్టి వాటితో మొదలుపెట్టడం సరైనదే. ప్రపంచం మొత్తం మీద చూస్తే మాత్రం పెద్దపేగు, పురీషనాళ కాన్సర్లు మూడో స్థానంలో ఉన్నాయి. 2022లో సుమారు 19 లక్షలమందికి కొత్తగా వచ్చాయని, మన దేశంలో ఆ సంఖ్య సుమారు 70 వేలని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. మన జనాభా చూస్తే ఇది పాశ్చాత్య దేశాలకంటే చాలా తక్కువే. కానీ మన దగ్గర వచ్చేవాళ్ళలో చాలామంది ముదిరిపోయాకే ఆసుపత్రికి చేరుతున్నారు. యాభై లోపు వయసువాళ్ళూ తక్కువేం కాదు. అమెరికాలో మామూలు మనిషికి పరీక్షలు మొదలుపెట్టే వయసును 2021లో యాభై నించి నలభై అయిదుకు తగ్గించారు.

“మనవాళ్ళలో అంత ఎక్కువ లేని జబ్బు గురించి ఆడవాళ్ళను భయపెట్టడమెందుకు?” అని మా మిత్రురాలు ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. జబ్బు లేనివాళ్ళందరికీ కొలనోస్కోపీ చెయ్యమని నేను అడగడం లేదు. మన ఆసుపత్రులకు ఆ శక్తీ లేదు, ఇప్పట్లో ఆ అవసరమూ లేదు. గుర్తులు ఉన్న స్త్రీ మాట వినమని మాత్రమే అడుగుతున్నాను. వినడానికి యంత్రం అక్కర్లేదు. అలా వినడం వల్ల పట్టుబడేది కాన్సర్ ఒక్కటే కాదు. పుండ్లు, క్షయ, థైరాయిడ్, నులిపురుగులు, కాన్పు గాయాలు, ఇవన్నీ పట్టుబడతాయి. భయపెట్టడం మాట అంటారా, మా ఊరి అక్క నెలల తరబడి ఒంటరిగా భయపడింది. ఆ భయం మనం పుట్టించింది కాదు. పంచుకోకపోవడం మాత్రం మన తప్పే.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతోనూ, కాన్సర్ ఆపరేషన్లు పేదలకు అందుబాటులోకి వచ్చాయి. ఆ అక్క ప్రాణం నిలబడింది దానివల్లనే. కానీ జబ్బు తేలాక పథకం ఉంది. తేలేదాకా తిరిగిన తిరుగుడు ఖర్చంతా ఆమెదే. ఒక్కో ప్రయాణానికి ఒక రోజు కూలి పోయింది, ఒక రోజు వంట మానింది, ‘ఎక్కడికి పోతన్నావ్’ అన్న మొగుడికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. మొదటిసారే సరిగ్గా పరీక్ష జరిగి ఉంటే ఇవేవీ ఉండేవి కావు.

మనం అడగవలసినవి

ఒకటి. ఇంటింటికీ వెళ్ళే ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. అడిగే ప్రశ్నల్లో మూడు చేర్చాలి. నెల రోజులుగా దొడ్డికి వెళ్ళే అలవాటు మారిందా? నెత్తురు పడుతోందా, లేక మలం నల్లగా జిగటగా వస్తోందా? కారణం లేకుండా బరువు తగ్గారా? ఒక్కదానికి ‘అవును’ అన్నా ఆసుపత్రికి చీటీ రాయాలి.

రెండు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో తెర ఉన్న గది, పరీక్షబల్ల, చేతి తొడుగులు, మలంలో కనిపించని రక్తాన్ని పట్టే పరీక్ష ఉండాలి. నెత్తురు పడుతోందని వచ్చిన మనిషిని వేలితో పరీక్ష చెయ్యకుండా మొలల మందు రాసి పంపకూడదు. మగడాక్టరు పరీక్ష చేసేటప్పుడు పక్కన మరొక స్త్రీ ఉండటం రోగి హక్కు. జాతీయ మానవహక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది ఉంది. దాన్ని అమలు చెయ్యమని 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసింది. ఆ పత్రం తెలుగులో ప్రతి ఆసుపత్రి గోడ మీదా ఉండాలని అడుగుదాం.

మూడు. ముట్లుడిగిన స్త్రీకి ఇనుము లోపం కనిపిస్తే మాత్రలతోపాటు కారణం వెతకాలి.

నాలుగు. గర్భసంచి తియ్యాలన్నప్పుడు ఎందుకు తియ్యాలో, వేరే దారి ఏముందో ఆమెకు అర్థమయ్యే భాషలో కాగితం మీద రాసి ఇవ్వాలి.

అయిదు. స్త్రీలు గుంపుగా పనిచేసే ప్రతిచోటా, అది ప్రభుత్వ పని అయినా రైతు పొలమైనా, తాగడానికి నీళ్ళు, వెళ్ళడానికి చాటు ఉండాలి. కూలిరేటుతో పాటు దీన్ని కూడా మన డిమాండ్లలో రాయాలి. నేను ఆ రోజు పెట్టిన మీటింగులో ఈ డిమాండు లేదు. ఉండి ఉంటే, ఆ అక్క అందరూ వెళ్ళేదాకా చాప మడతపెడుతూ ఎదురుచూడవలసిన అవసరం ఉండేది కాదేమో.

ఇవన్నీ ప్రభుత్వాన్ని అడగవలసినవి. మనల్ని మనం అడుక్కోవలసింది కూడా ఒకటుంది. కార్యకర్తలుగా మనం ఎదుటి స్త్రీ చెప్పింది వింటున్నామా, లేక మనకు తెలిసిన సమాధానం చెప్పేసి బస్సెక్కుతున్నామా? ‘వేడి చేసిందిలే’ అన్న మాటలో చెడ్డతనం ఏమీ లేదు. మన అమ్మలు, అమ్మమ్మలు ప్రేమతోనే అన్న మాట అది. కానీ ఆ మాట అన్నాక అవతలి మనిషి ఇంకేమీ అడగదు. కాబట్టి ఆ మాట అనడానికి ముందు మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకుందాం. ఎన్నాళ్ళనించి? ఎలా ఉంది? ఎవరైనా పరీక్ష చేశారా?

మొన్న మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. అక్క మీటింగుకి వచ్చింది. చీర కింద సంచి ఉన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. మొదట్లో వాసనొస్తుందేమోనని దూరంగా కూర్చునేదట. ఇప్పుడు మధ్యలోనే కూర్చుంటోంది. నేను మాట్లాడటం మొదలుపెట్టబోతుంటే చెయ్యెత్తి ఆపింది. “నువ్వాగమ్మాయ్. ఇది నేనడుగుతా” అని, ఆడవాళ్ళ వైపు తిరిగి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అడిగింది: “మీలో ఎవరికన్నా బయటికెళితే నెత్తురు పడతందా?”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది.